మీ తెలుగు సైటు గూగుల్‌లో కనబడట్లేదా? ముందు ఇవి చూడండి

కీవర్డ్‌ల జోలికి వెళ్లేముందు, పేజీ అసలు ఇండెక్స్ అయిందో (గూగుల్ జాబితాలోకి చేరిందో) లేదో తేల్చుకోండి. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పైనున్న పెట్టెలో పేజీ చిరునామా వేస్తే కారణంతో సహా చెబుతుంది.

వర్డ్‌ప్రెస్‌లో తరచూ కొంప ముంచేది ఒక్క టిక్కు. సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే గడి ఉంటుంది. సైటు కట్టేటప్పుడు పెట్టి, తీయడం మరిచిపోతారు. అది ప్రతి పేజీలో, 'ఫలితాల్లో చూపొద్దు' అని చెప్పే నోఇండెక్స్ ట్యాగు పెడుతుంది. దీనికి తిరగబడ్డ తప్పు ఇంకొకటి: నోఇండెక్స్ పెట్టిన పేజీని రోబోట్స్ ఫైలులోనూ (ఏ పేజీల జోలికి రాకూడదో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ఫైలు) అడ్డుకోవడం. అప్పుడు గూగుల్ ఆ ట్యాగును చదవలేదు. దాచాలనుకున్న పేజీ వివరణ లేకుండా ఫలితాల్లోకి రావచ్చు.

సైట్‌మ్యాప్, అంటే మీ పేజీల చిరునామాల జాబితా, ఒకటి గూగుల్‌కు ఇవ్వండి. ఒక్కో ఫైలుకు 50,000 చిరునామాల వరకు పడతాయి, చిన్న సైటుకు ఒక్కటి చాలు. పేజీ కోడులో కీవర్డ్‌లు రాసే కీవర్డ్స్ మెటా ట్యాగు మాత్రం వదిలేయండి. ర్యాంకింగ్‌కు దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు చిరునామాలోనే ఉంది. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా గుణింతపు గుర్తుకైనా 3 బైట్లు, లింకు కాపీ చేస్తే ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారి మొత్తం 9 గుర్తులు. అంటే 'ఆవకాయ' ఒక్క మాటే 45 గుర్తులవుతుంది! గూగుల్‌కు ఇబ్బంది లేదు గానీ, వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు (శీర్షిక నుంచి తయారై చిరునామా చివర వచ్చే పేరుకు) 200 గుర్తులు హద్దు, పొడవాటి తెలుగు శీర్షిక అందులో మధ్యలో తెగిపోతుంది. అందుకే శీర్షిక తెలుగులో ఉంచి, స్లగ్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు మాటలకు కుదించడమే మేలు. పాత చిరునామాలు మారిస్తే, వాటి నుంచి కొత్తవాటికి శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్ట్ తప్పనిసరి.