రోహిణి కార్తెలో బాతు గుడ్లు పొదిగించిన నా అనుభవం

మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. వరి కోతలు అయ్యాక బాతుల వాళ్లు మందలు తోలుకొని వస్తారు, మడి మడికీ తిప్పి రాలిన గింజలు మేపుకుంటారు. పోయిన వేసవిలో వాళ్ల దగ్గర పదకొండు గుడ్లు కొని, మే 4న మా నాటుపెట్ట కింద పొదగేశాం. బాతుకి గుడ్డు పెట్టడమే కానీ పొదిగే ఓపిక ఉండదు, కోడి కింద పెట్టడం మా అవ్వ కాలం నుంచీ ఉన్నదే. కోడిగుడ్డుకి 21 రోజులు, బాతుగుడ్డుకి 28. ఆ ఏడు రోజులూ ఎక్కువ కూర్చుంటుందా లేదా అనేదే నా టెన్షన్. అది 15వ రోజే లేచిపోయింది. గంప ఎత్తి చూస్తే గడ్డి నిండా కోడిపేలు, నా చేతి మీదికి కూడా పాకాయి. పాపం దాన్ని అని ఏం లాభం.

గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఒక అట్టకి చిన్న కన్నం చేసి, దాని వెనక ఫోన్ లైటు పెట్టి చీకటి గదిలో ఒక్కొక్కటీ చూశాను. రెండు తెల్లగా ఖాళీ. ఒకదాంట్లో నెత్తురు గీత ఉంగరంలా చుట్టుకొని ఉంది, అంటే మొదట్లోనే పోయిందన్నమాట. మిగతా ఎనిమిదింట్లో నరాలు సాలెగూడులా కనిపించాయి, ఒకదాంట్లో నల్లటి నీడ కదిలింది కూడా. అది చూశాక ఇక పారేయబుద్ధి కాలేదు.

కోడి బదులు గుడ్లకి వేడి ఇచ్చే పెట్టె నేనే చేద్దామనుకున్నాను. రొయ్యలు ప్యాకింగ్ చేసే థర్మాకోల్ పెట్టె ఒకటి మా బావ దగ్గర ఉంటే తెచ్చుకున్నాను. వేడి ఎక్కువైతే బల్బు ఆర్పి, తగ్గితే వెలిగించే థర్మోస్టాట్ ఆన్‌లైన్‌లో కొన్నది ఎప్పటి నుంచో పడి ఉంది, పాత కంప్యూటర్ ఫ్యాను కూడా ఉంది. బల్బు దగ్గర ఇరుక్కుపోయాను. ఏ షాపులో అడిగినా ఎల్‌ఈడీనే, దాంతో వెలుగు తప్ప వేడి రాదు కదా. చివరికి మా దేవుడి గూట్లో ఉన్న పాత ఫిలమెంటు బల్బు ఊడదీశాను. అవ్వ "ఏందబ్బయా, దేవుడికి చీకటి చేసి బాతులకి దీపం పెడతావా" అని ఆ రోజంతా సణుగుతానే ఉంది.

ఫ్యాను ఉన్న పెట్టెకి 37.5 డిగ్రీలు సరిపోతుంది. తేమ 55 నుంచి 60 శాతం. గుడ్డుకి ఒకవైపు పెన్సిల్‌తో ఇంటూ, రెండోవైపు సున్నా గీసి రోజుకి ఐదుసార్లు తిప్పాను. తేమ మీటరు నిజం చెబుతుందో లేదో చూడాలంటే, సీసా మూతలో తడి ఉప్పు వేసి మీటరుతో కలిపి ఒక డబ్బాలో గట్టిగా మూసి రాత్రంతా ఉంచండి, 75 చూపించాలి. నాది 67 చూపించింది. అంటే ఎనిమిది తక్కువ చెబుతోంది.

ఎవరిని అడిగినా చలి తగలకుండా చూసుకో అన్నారు. ఈ సలహా మా నెల్లూరు ఎండలకి పనికిరాదు. రోహిణి కార్తె వచ్చింది, పడమటి గాలి మొదలైంది, మధ్యాహ్నం గదిలోనే 37. పైగా ఆ వయసుకి గుడ్డులోని పిల్ల సొంతంగా వేడి పుట్టిస్తుంది. బల్బు ఆరిపోయి ఉన్నా ఒకరోజు పెట్టెలో 40 దాటేసింది. నేను బజారుకి పోయి వచ్చేసరికి ఎంతసేపు అలా ఉందో తెలియదు. పొద్దున రెండు గంటలు కరెంటు పోయినప్పుడు దుప్పటి కప్పితే ఏమీ కాలేదు కానీ, ఈ వేడికి ఒక గుడ్డు పోయింది. గుడ్డు కాస్త చల్లబడితే పిల్ల తట్టుకుంటుంది, వేడెక్కితే తట్టుకోదు. ఆ తర్వాత పెట్టెని నడిమింట్లో మంచం కిందికి మార్చి, కిటికీకి తడి గోనెసంచి కట్టాను. రోజుకొకసారి మూత తీసి గోరువెచ్చటి నీళ్లు చిలకరించి పది నిమిషాలు వదిలేసేవాణ్ణి. పొదిగే తల్లి బాతు ఉంటే నీళ్లలో మునిగి తడి ఈకలతో వచ్చి కూర్చుంటుంది కదా, ఇదీ అంతే.

25వ రోజు తిప్పడం ఆపేసి తేమ 75కి పెంచాను. 27వ రోజు సాయంత్రం ఒక పెంకు మీద పగులు, లోపల్నుంచి సన్నగా కీచుమని అరుపు. ఇక రాత్రంతా నిద్ర లేదు. పగులు పడ్డాక బయటికి రావడానికి బాతుపిల్లకి ఒకరోజు, ఒకటిన్నర రోజు కూడా పడుతుందని నాకు తెలుసు, అయినా ఆగలేక మూడుసార్లు మూత తీశాను. తీసిన ప్రతిసారీ తేమ బయటికి పోతుంది, లోపలి పొర ఎండి పిల్లకి అతుక్కుపోతుంది. ఒక పిల్ల అలాగే సగంలో ఆగిపోయింది. ఆ తప్పు నాదే. ఇంకొకటి పగలనే లేదు. ఐదు బయటికి వచ్చాయి, తడిసిన దూది ఉండల్లా.

మొదటి రోజు మేత పెట్టలేదని అవ్వ గోల చేసింది. కడుపులో ఉన్న పచ్చసొనతోనే ఒకటి రెండు రోజులు గడిచిపోతుంది, తొందరేం లేదు. తర్వాత కోడిపిల్లల దాణా తడిపి పెట్టాను. వేరుశనగ చెక్క వేస్తానని అవ్వ బస్తా విప్పితే బూజు వాసన కొట్టింది. నేను ఒప్పుకోలేదు. బూజులోని విషం కోడికంటే బాతుకి చాలా త్వరగా ఎక్కుతుంది, ఆ మేత పెడితే ఐదూ పోయినా పోయేవి.

నాలుగో రోజు సరదాపడి టబ్బులో వదిలాను. రెండు నిమిషాలు ఈది, తర్వాత నానిన గుడ్డల్లా మునగడం మొదలుపెట్టాయి. తల్లి ఈకల నూనె అంటితేనే పిల్లకి నీళ్లు అంటవంట, వీటికి తల్లి ఎక్కడిది? తువ్వాలుతో తుడిచి మళ్లీ బల్బు కిందే పెట్టాను. దేవుడి గూట్లో ఇప్పుడు ఎల్‌ఈడీ వెలుగుతోంది.