ఉద్దానం గ్రూపులో రాజకీయాలకు గీత గీశాం

మా ఊరి వాట్సాప్ గ్రూపు తిత్లీ తుపాను తర్వాత పుట్టింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటి, మా ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలను పడగొట్టేసింది. ఎవరి ఇల్లు నిలిచింది, ఎవరికి బియ్యం అందాయి అన్న సంగతులు హైదరాబాద్‌లో, ముంబయిలో ఉన్న మా వాళ్లకు చేరవేయడానికి పెట్టుకున్నది అది. తుపాను పోయినా గ్రూపు మిగిలింది. జీడిపిక్కల బస్తా ధర, పెళ్లి పిలుపులు, రక్తం కావాలన్న విన్నపాలు, డయాలసిస్‌కు పలాస వెళ్లే ఆటోలో ఖాళీ ఉందా అన్న వాకబులు అన్నీ అందులోనే. శ్రీకాకుళంలో మందుల దుకాణం నడుపుతున్నాను కాబట్టి నన్నూ ఒక అడ్మిన్‌ను చేశారు.

రాజకీయం 2023 డిసెంబర్‌లో తన్నుకొచ్చింది. ఆ నెల 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి మా ప్రాంతానికి తాగునీరు తెచ్చే పథకం ప్రారంభం కూడా ఆ రోజే. ఎవరో ఫోటో పెట్టారు. మా నాయకుడి చలవ అని ఒకరు, అసలు ఉద్దానం కిడ్నీ జబ్బుల గోడు ముందు విన్నది మేమేనని ఇంకొకరు. రాత్రి అయ్యేసరికి మాట నీళ్లను వదిలేసి కులాల మీదకు పోయింది. మర్నాడు కొందరు ఆడపడుచులు ఒక్క మాటైనా అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయారు. కేకలు వేసినవాళ్లు మాత్రం ఒక్కరూ కదల్లేదు.

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ రావడంతో గ్రూపులోని ఉపాధ్యాయులు, సచివాలయ ఉద్యోగులు నాకు విడిగా ఫోన్లు చేశారు. వాళ్ల భయం న్యాయమైనదే. ప్రభుత్వ ఉద్యోగి పార్టీ రాజకీయాల్లో పాల్గొనకూడదని ప్రవర్తనా నియమాలు చెబుతున్నాయి. పార్టీ పాటలు మోగే గ్రూపులో తమ పేరు కనిపించినా ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపుతారేమోనని వాళ్ల దిగులు. అడ్మిన్ల మీద కేసులు పెడతారన్న పుకారు ఇంకో పక్క. మా ఊరి వకీలు ఒకాయన ఆ భయం పోగొట్టాడు. సభ్యుడు పెట్టినదానికి, ముందే కూడబలుక్కుని ఉంటే తప్ప, అడ్మిన్‌ను నేరస్థుడిగా చూడలేమని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో అన్నాయట.

అయినా మిగతా అడ్మిన్లు ఆగలేదు. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా గ్రూపును కట్టేశారు. ఎంత హాయి! పొద్దున్నే లేస్తే గొడవ లేదు, వీడియోలు లేవు. ఆ హాయి ఒక తెల్లవారుజామున తేలిపోయింది. మా పెద్దమ్మ వరస ఆవిడను డయాలసిస్‌కు తీసుకెళ్లే ఆటో దారిలో చెడిపోయింది. ఇంకో బండి కోసం అడుగుదామని కొడుకు గ్రూపు తెరిస్తే టైపు చేసే చోటే లేదు. తెలిసిన నంబర్లన్నింటికీ ఫోన్లు చేసుకుంటూ, ఎండెక్కాక ఆసుపత్రికి చేరారు. ఆ రోజే తాళం తీయించాను. తీయించాక ఏం చేయాలన్నదే చిక్కు.

‘రాజకీయాలు వద్దు’ అని రాసి ఊరుకుందామన్నారు చాలామంది. నేను ఒప్పుకోలేదు. మా దగ్గర కొళాయి నీరు రాజకీయం, పింఛను రాజకీయం, తుపాను పరిహారం జాబితాలో ఎవరి పేరు ఎగిరిపోయిందన్నది అంతకంటే పెద్ద రాజకీయం. ఇవన్నీ నిషేధిస్తే జీడిపిక్కల ధర మిగులుతుంది. అదైనా మద్దతు ధర దగ్గరకు వచ్చేసరికి ఎక్కడికి పోతుందో తెలిసిందే. ఊరి పెద్దలతో, బడి మాస్టారితో, బయట ఊళ్లలో ఉన్న కుర్రాళ్లతో మాట్లాడి, తిట్లు తిని, చివరకు ఇలా రాశాం:

‘పార్టీ జెండా, గుర్తు, నాయకుడి బొమ్మ ఉన్నది ఏదీ పెట్టకూడదు. కులం ఎత్తకూడదు. ఊరి పని గురించి ఎవరినైనా ప్రశ్నించవచ్చు. అయితే చోటు, తేదీ, స్వయంగా తీసిన ఫోటో ఉండాలి.’

స్వయంగా తీసిన ఫోటో అన్న షరతు బడి మాస్టారిది. దాంతోనే సగం చెత్త ఆగిపోయింది. ఎక్కడి నుంచో వచ్చిన వీడియోను ముందుకు తోయడానికి వేలు చాలు. ఎండలో నడిచి వెళ్లి ఎండిన కొళాయిని ఫోటో తీయడానికి నిజంగా దాహం వేసి ఉండాలి.

నిబంధన కింద మొదట తొలగించింది మా బావమరిది పెట్టిన పోస్టు. ఆ తర్వాత వాళ్లింట్లో గృహప్రవేశానికి నన్ను పిలిచారు గానీ, భోజనాల దగ్గర పలకరించినవాళ్లు లేరు.

గొంతు నొక్కేశారని అలిగినవాళ్ల కోసం ‘రచ్చబండ’ పేరుతో వేరే గ్రూపు తెరిచాం. అక్కడ ఏమైనా అనుకోవచ్చు. రెండు పక్షాల వీరులూ చేరారు. కొన్నాళ్లకే అది సద్దుమణిగింది. వాళ్లకు కావలసింది వాదన కాదని, ఇష్టం లేకపోయినా వినక తప్పని జనమని అప్పుడు అర్థమైంది.

పోలింగ్ మే 13న. ముగింపు గడియకు ముందు 48 గంటలు ప్రచారం ఉండకూడదన్న ప్రజాప్రాతినిధ్య చట్టం నియమం చెప్పి, ఆ రెండు రోజులు ఊరి పనుల మీద ప్రశ్నలు కూడా ఆపమన్నాం. బస్సుల్లో, రైళ్లలో చోటు దొరక్క నిలబడి వచ్చిన మా వాళ్లకు స్టేషన్ నుంచి ఊరికి బండ్లు కుదర్చడంతోనే గ్రూపు నిండిపోయింది. జూన్ 4న ఫలితాలు వచ్చాక గెలిచినవాళ్ల బాణసంచా వీడియోలు వరదలా వచ్చాయి. తొలగిస్తూ తొలగిస్తూ నా ఫోను చార్జింగ్ అయిపోయింది.

ఈ నిబంధనకు అసలు పరీక్ష సర్పంచ్ ఎన్నిక. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు. 2021 ఫిబ్రవరిలోనూ అంతే. జెండా ఉండదు, పార్టీ గుర్తు ఉండదు. నిలబడేవాడు గ్రూపులోనే ఉంటాడు, పెట్టే ఫోటో స్వయంగా తీసుకున్నదే. మేం రాసుకున్నదాంట్లో అతణ్ని ఆపగల మాట ఒక్కటీ లేదు. అభ్యర్థులు ప్రచారం ముగిసేదాకా గ్రూపు బయట ఉండాలని నేనంటున్నాను. అలాగైతే నీళ్ల గురించి వాళ్లను అడిగేదెక్కడ అంటున్నారు మాస్టారు. ఆయన మాట కొట్టిపారేయలేకపోతున్నాను.