19 ఏళ్ళ కుర్రాడి తీర్మానాలు

"నీ బాల్యదినములందే నీ సృష్టికర్తను స్మరణకు తెచ్చుకొనుము." ప్రసంగి 12:1.

యూత్ మీటింగుల్లో ఈ వచనం మీరు చాలాసార్లు వినే ఉంటారు. వినగానే మనసులో వచ్చే జవాబు కూడా తెలిసిందే: ముందు చదువు అవ్వనీ, ఉద్యోగం రానీ, పెళ్ళయ్యాక ఎలాగూ చర్చికి వెళ్తాం కదా. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అలా వాయిదా వేయని ఒకడి గురించి చెప్పాలనుంది.

జోనాథన్ ఎడ్వర్డ్స్ 1703లో అమెరికాలోని కనెక్టికట్‌లో, ప్యూరిటన్ల (ఆరాధనా, బతుకూ అంతా బైబిలు ప్రకారమే శుద్ధిగా ఉండాలని పట్టుబట్టిన ఇంగ్లీషు ప్రొటెస్టంట్ క్రైస్తవుల) విశ్వాసంలో నడిచే పాస్టర్ గారి ఇంట్లో పుట్టాడు. 1722లో, ఇంకా 20 ఏళ్ళు కూడా నిండకముందే, న్యూయార్క్‌లో ఒక చిన్న సంఘానికి వాక్యం చెబుతూ తనకోసం తీర్మానాలు రాసుకోవడం మొదలుపెట్టాడు, మరుసటి ఏడాదికల్లా అవి 70 అయ్యాయి. ఒక్క క్షణం కూడా పోగొట్టుకోకూడదు, ఈరోజు ఎక్కడ అశ్రద్ధ చేశాను, ఏ పాపం చేశాను అని రాత్రి తనను తాను అడగాలి, ఇలాంటివి. 52వది నన్ను ఎప్పుడూ పట్టి కుదిపేస్తుంది. మళ్ళీ బతికే అవకాశం వస్తే ఇలా బతికేవాళ్ళమని పెద్దవాళ్ళు అంటుంటారు కదా, ముసలితనంలో నేను ఎలా బతికి ఉంటే బాగుండేదనుకుంటానో ఇప్పుడే అలా బతుకుతాను అని దాని భావం. ఆ ముసలితనం ఆయనకు రానే లేదు. 1758లో మశూచి టీకా వికటించి 54 ఏళ్ళకే చనిపోయాడు.

ప్యూరిటన్లంటే రూల్స్ మనుషులు అనుకునేవాళ్ళు ఆ తీర్మానాల పైన ఆయన రాసుకున్న మాట చూడాలి. దేవుని సహాయం లేకుండా నేనేమీ చేయలేను, వీటిని పాటించే కృప క్రీస్తు కోసం నాకు ఇవ్వమని వేడుకుంటున్నాను అని! మొదటి తీర్మానానికి ముందే ప్రార్థన. 1723 జనవరిలో డైరీలో, మొన్నటిదాకా ఈ పట్టుదల ఎప్పటికీ ఇలాగే ఉంటుందనిపించింది, ఇంతలోనే ఎలా చల్లారిపోయానో అని వాపోయాడు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కన్నీళ్ళతో నిర్ణయం తీసుకుని, సంక్రాంతి సెలవులు అయ్యేలోపే జారిపోయి, ఇక నావల్ల కాదని టెన్షన్ పడేవాళ్ళకు ఈ డైరీ ఎంత ధైర్యమో!

ఇంకో సంగతి దాచకూడదు. రోజూ తన హృదయాన్ని వెతుక్కున్న ఈ మనిషే 1731లో ఒక నల్లజాతి అమ్మాయిని బానిసగా కొన్నాడు. అది పాపమే. మన కళ్ళతో మనల్ని వెతుక్కుంటే కనబడనివి ఎన్నో ఉంటాయి, అందుకే "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని దావీదు ఆ పనిని దేవునికే అప్పగించాడు, కీర్తన 139లో. మీరూ అలాగే అడగండి, ఆయన చూపించింది ఎంత చేదుగా ఉన్నా క్రీస్తు దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయన సిలువ రక్తం దానికి కూడా చాలు.

70 రాయక్కర్లేదు. ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టి ఒక నోటుబుక్కు తీయండి, పైన ఆ ప్రార్థన మీ మాటల్లో రాసి, కింద ఒక్కటంటే ఒక్క తీర్మానం రాయండి. ఎడ్వర్డ్స్ వారానికోసారి తనవి చదువుకోవాలని నియమం పెట్టుకున్నాడు, మీకు ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చాక వీలవుతుంది. తప్పిపోయిన వారం కూడా చదవండి, ముఖ్యంగా ఆ వారం.