మైనస్ గుర్తు కొట్టేసి పోగొట్టుకున్న ఏడాది

ఎలక్ట్రానిక్స్ పోటీ పరీక్ష రిజల్ట్ వచ్చి రెండు రోజులైంది. క్వాలిఫై అయ్యాను, అనుకున్నదానికంటే మంచి ర్యాంకే వచ్చింది. ప్రిపరేషన్ కథంతా చెప్పను. ఎనలాగ్ ఎలక్ట్రానిక్స్‌లో డయోడ్ల (కరెంట్‌ని ఒకే దిశలో పోనిచ్చే భాగాల) దగ్గర నాకు తగిలిన దెబ్బ గురించి మాత్రం చెప్పాలి. మీలో చాలామంది ఇప్పుడు ఆ చాప్టర్‌ని ఈజీ అని దాటేస్తూ ఉంటారు, నేనూ అలాగే దాటేశాను.

మొదటి అటెంప్ట్‌కి డయోడ్లు రెండు రోజుల్లో ముగించాను. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్లలో రిపుల్ ఫ్యాక్టర్ (డీసీలో మిగిలే ఏసీ పాలు) హాఫ్ వేవ్‌కి 1.21, ఫుల్ వేవ్‌కి 0.48, ఎఫిషియెన్సీ 40.6, 81.2 శాతం, అన్నీ నోటికి వచ్చు. పరీక్షలో వచ్చింది మాత్రం రెండు డయోడ్ల సర్క్యూట్. ఆ తర్వాత అదే తరహాలో నేను రాసుకున్న లెక్క చూడండి. ప్లస్ 12 వోల్టుల నుంచి 12 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక నోడ్‌కి వస్తుంది. రెండు డయోడ్ల ఆనోడ్లూ (కరెంట్ లోపలికి వెళ్లే కొనలు) ఆ నోడ్‌కే. డీ1 కాథోడ్ (కరెంట్ బయటికి వచ్చే కొన) గ్రౌండ్‌కి, డీ2 కాథోడ్ 3 కిలో ఓమ్‌ల మీదుగా మైనస్ 6 వోల్టులకి. డయోడ్లు ఐడియల్, అంటే ఆన్‌లో ఉంటే వాటి మీద వోల్టేజ్ ఏమీ పోదు. డీ1లో కరెంట్ ఎంత?

రెండూ ఆన్ అనుకుంటే నోడ్ సున్నా వోల్టుల దగ్గర ఉంటుంది. పైనుంచి 1 మిల్లీ ఆంపియర్ వస్తుంది, కిందికి 2 పోతుంది. అంటే డీ1లో మైనస్ 1. హాల్లో నాకూ ఇలాగే మైనస్ వచ్చింది. టెన్షన్‌లో దిశ తప్పు తీసుకున్నాననుకుని గుర్తు కొట్టేశాను. ఆ అంకె ఆప్షన్లలో కనబడింది, పెట్టేశాను. నెగెటివ్ మార్కు పడింది. ఆ ఏడాది కటాఫ్‌కి నాకు తగ్గింది ఒక్క మార్కు లోపే.

ఆ మైనస్సే జవాబుకి దారి. డయోడ్‌లో కరెంట్ కాథోడ్ నుంచి ఆనోడ్‌కి పోదు కాబట్టి డీ1 ఆన్ అన్న ఊహే తప్పు. డీ1ని తీసేసి మళ్లీ చేయండి. ప్లస్ 12 నుంచి మైనస్ 6 దాకా 18 వోల్టులు, రెసిస్టర్లు కలిపి 15 కిలో ఓమ్‌లు, కరెంట్ 1.2 మిల్లీ ఆంపియర్లు, నోడ్ మైనస్ 2.4 వోల్టులు. ఆనోడ్ గ్రౌండ్ కంటే కింద ఉంది, డీ1 నిజంగానే ఆఫ్. జవాబు సున్నా.

రెండోసారి బ్రెడ్‌బోర్డ్, మల్టీమీటర్, నాలుగు 1ఎన్4007 డయోడ్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. టైం వేస్ట్ అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ నాలుగు డయోడ్లతో బ్రిడ్జ్ రెక్టిఫయర్ కట్టి కెపాసిటర్ పెట్టాక మీటర్ 16 దగ్గర చూపించింది. 12 ఇస్తే 16 ఎలా వచ్చిందని ఆ సాయంత్రమంతా ఆలోచించాను. 12 అనేది ఆర్‌ఎంఎస్ (ఏసీకి ఒక రకం సగటు విలువ), పీక్ దాదాపు 17, అందులో రెండు డయోడ్లకి 1.4 పోతుంది. పీఐవీ (ఆఫ్‌లో ఉన్న డయోడ్ మీద పడే గరిష్ఠ రివర్స్ వోల్టేజ్) బ్రిడ్జ్‌లో వీఎం (పీక్ వోల్టేజ్), సెంటర్ ట్యాప్‌లో 2 వీఎం ఎందుకో కూడా బొమ్మ గీసి ఆఫ్‌లో ఉన్న డయోడ్ రెండు చివర్లూ చూస్తేనే అర్థమైంది. క్లిప్పర్లు (వేవ్‌లో కొంత భాగం కత్తిరించేవి), క్లాంపర్లు (వేవ్ మొత్తాన్ని పైకో కిందికో జరిపేవి), జీనర్ రెగ్యులేటర్ (వోల్టేజ్‌ని నిలకడగా ఉంచేది) అన్నీ ఇదే పద్ధతిలో వచ్చేశాయి. క్లాంపర్‌లో మాత్రం డయోడ్ ఆన్ అయ్యే హాఫ్ సైకిల్‌తోనే మొదలుపెట్టండి, కెపాసిటర్ ఛార్జ్ అయ్యేది అప్పుడే.

రోజుకి ఎన్ని గంటలు చదివావని అందరూ అడుగుతున్నారు. గంటలు లెక్కపెట్టలేదు. ప్రతి లెక్కలోనూ ఆన్ అనుకున్న డయోడ్‌లో కరెంట్ దిశ, ఆఫ్ అనుకున్నదాని మీద వోల్టేజ్ చూడకుండా పేజీ తిప్పలేదు, అంతే. అది బద్ధకించకుండా రోజూ చేయాలి.

పైన లెక్కలో రెసిస్టర్లు రెండూ తారుమారు చేసి చూడండి. ఈసారి రెండు డయోడ్లూ ఆన్ అవుతాయి, డీ1లో ప్లస్ 3.5 మిల్లీ ఆంపియర్లు రావాలి.