ప్లాన్‌లో నీళ్లు లేవు

అనంతపురం నుంచి పెనుకొండ వైపు పొద్దున్నే కంపెనీ బస్సులో పోయేవాళ్లలో నేనొకణ్ణి. కారు లోపలి ప్లాస్టిక్ భాగాలు పోసే కంపెనీ. పేరెందుకులెండి.

ఎర్రమంచిలో కియా కోసం 2017 ఏప్రిల్‌లో ఒప్పందం జరిగితే, 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ కారు బయటికొచ్చింది. అది చూశాక ఈ చుట్టుపక్కల మేనేజర్లందరికీ ఏ పనైనా అంతే జోరుగా అయిపోవాలని ఉంటుంది. మాకు కొరియా నుంచి ఒక కొత్త అచ్చు, దాంతోపాటు దాన్ని నడిపే పద్ధతీ వచ్చాయి. ప్లాన్ గీసే పని నాది.

ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో గీతలుగా చూపే గాంట్ చార్టులో తొంభై వరుసలు పెట్టాను. బుసాన్‌లో ఓడెక్కడం, చెన్నై పోర్టు, క్రేను, కరెంటు, కొరియన్ షీట్ల అనువాదం, అన్నీ ఉన్నాయి. ట్రయల్స్‌కి మాత్రం, ఎన్ని రోజులు పడతాయో మూడు అంచనాల నుంచి తేల్చే పెర్ట్ లెక్క వేశాను. అన్నీ కలిసొస్తే 6 రోజులు, మామూలుగా 10, అడ్డం తిరిగితే 26. మధ్యదాన్ని నాలుగింతలు చేసి, మూడూ కూడి, ఆరుతో భాగిస్తే 12. ఆ 12 చూసుకుని నాకు భలే ధైర్యం.

మొదటి వారం బాగానే నడిచింది. షీట్‌లో ఒక్కో పీసుకి 42 సెకన్లని ఉంటే మేం 45కి వచ్చాం. పదో రోజు నుంచి 50, తర్వాత 56. పీసులు వంకరపోతున్నాయి. కొరియా నుంచి వచ్చిన ఇంజనీరు ప్రెషర్ మార్చాడు, టెంపరేచర్ మార్చాడు, సెట్టింగులన్నీ మళ్లీ మొదటికి తెచ్చాడు. నాకు టెన్షన్. నా చార్టు ప్రకారం ఆ పాటికి 300 పీసులు వరుసగా తీసి, కొలతలు రాసి, కస్టమర్ ఆమోదానికి పంపేసి ఉండాలి.

మెయింటెనెన్స్‌లో గోరంట్ల వైపు ఫిట్టరొకాయన ఉన్నాడు. అంతకుముందు బోరు మోటార్లు బాగుచేసేవాడు. అచ్చుని చల్లబరిచే నీళ్ల హోసు ఊడదీసి చేతిలో ఒంపుకున్నాడు. తెల్లటి పెచ్చులు.

"ఇది మన బోరు నీళ్లు సార్. కాగబెడితే గిన్నెకే సున్నం పడతాది. ఈ సన్న బెజ్జాలు పూడిపోవా?"

పాత పైపుల్లో ఏడాదిగా పేరుకున్న సున్నం ఊడొచ్చి, కొత్త అచ్చులో నీళ్లు తిరిగే దారుల్ని మూసేసింది. చల్లబడటం ఆలస్యమైతే సెకన్లు పెరగవా, పీసు వంగదా! కొరియా షీట్లో నీళ్ల వేడి ఎంతుండాలో రాసుంది, ఎట్లాంటి నీళ్లో లేదు. అక్కడ వాళ్లకి ఆ అవసరం పడలేదేమో. నేనూ చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగి పెరిగినవాణ్ణి, నాకైనా తట్టాలి కదా.

యాసిడ్‌తో కడగడానికి రెండు రోజులు పట్టింది. నీళ్లలో సున్నం తీసేసే సాఫ్ట్‌నర్ ఆర్డరిచ్చి, అది వచ్చి, బిగించేసరికి మూడు వారాలు. తొంభై వరుసల్లో ఎక్కడా లేని పని కాస్తా, మొత్తం గడువునే వెనక్కి లాగే క్రిటికల్ పాత్ అయి కూర్చుంది.

వచ్చే నెల ఇంకో అచ్చు వస్తోంది. ఈసారి చార్టు ప్రింటు తీసి ముందు ఆ ఫిట్టరుకే ఇచ్చాను. మొదటి పేజీ చూసి, "కరెంటు పోతే సార్?" అన్నాడు. ఇంకా రెండో పేజీ తిప్పలేదు.