సోల్జర్ ఫీల్డ్‌లో నిశ్శబ్దం

డిసెంబరులో షికాగో ఏమిటని అందరూ వద్దన్నారు. కానీ అక్కావాళ్లు ఉండేది అక్కడే. పైగా ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బేర్స్‌కీ, ప్యాకర్స్‌కీ జరిగే మ్యాచ్‌కి బావ రెండు టికెట్లు కొని ఉంచాడు. ఈ రెండు జట్లూ 1921 నుంచి తలపడుతున్నాయని తెలిశాక ఇంక ఆగాలనిపించలేదు.

శనివారం నేను అడిగి మరీ వెళ్లింది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే కళా మ్యూజియానికి. మెట్లకి అటూ ఇటూ ఉన్న కంచు సింహాల మెడల్లో క్రిస్మస్ ఆకుల దండలు. 1893లో సర్వమత సమ్మేళనం జరిగింది ఈ భవనంలోనే. ఎనిమిదో తరగతిలో వక్తృత్వ పోటీ కోసం వివేకానందుడి ఉపన్యాసం బట్టీ పట్టినప్పుడు షికాగో అంటే నాకు ఒక పదం, అంతే. ఇప్పుడు బయట రోడ్డు మీద ‘స్వామి వివేకానంద వే’ అన్న బోర్డు చూస్తుంటే ఒళ్లు పులకరించింది. మైకులు లేని రోజుల్లో వేలమంది ఆ గొంతు విన్నారంటే హాలు ఎంత నిశ్శబ్దంగా ఉండి ఉండాలి!

అక్కడికి దగ్గర్లోనే శిల్పి అనీశ్ కపూర్ చేసిన, అద్దంలా మెరిసే పెద్ద ఉక్కు చిక్కుడుగింజ. అందులో మా ముఖాలు చూసుకుని ఫోటోలు దిగాం. సాయంత్రం విల్లిస్ టవర్ ఎక్కాం. 103వ అంతస్తులో, నేలకి 412 మీటర్ల ఎత్తున, గోడ బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెలో నిలబడితే కాళ్లు వణికాయి. ఈ భవనానికి ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రెహమాన్ ఖాన్. తొమ్మిది చదరపు గొట్టాల్ని ఒక కట్టగా కట్టినట్టు దీన్ని నిలబెట్టాడు. సరస్సు మీదనుంచి వచ్చే గాలిని అవన్నీ కలిసి ఆపుకుంటాయి. మన వైపు మనిషి చేసిన పని అనుకుంటే గర్వంగా అనిపించింది.

ఆదివారం మైనస్ 8 డిగ్రీలు. మూడు జతల మేజోళ్లు వేసుకుని, పారదర్శక సంచి భుజానికి తగిలించుకుని (వేరే సంచులు లోపలికి రానివ్వరు) రూజ్‌వెల్ట్ స్టేషన్ నుంచి జనంతో పాటే నడిచాం. సోల్జర్ ఫీల్డ్ 1924లో తెరిచిన స్టేడియం. మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుల జ్ఞాపకంగా ఆ పేరు పెట్టారు. బయట పాతకాలపు రాతి స్తంభాలు, లోపల కొత్త ఉక్కు గ్యాలరీలు. పక్క సీటు పెద్దాయన మా బూట్లు చూసి, తన దగ్గరున్న అట్టముక్కలు రెండు మా కాళ్ల కింద పరిచాడు. చలి కాంక్రీటులోంచి ఎక్కుతుందట. నిజమే, పది నిమిషాల్లో తేడా తెలిసింది.

ఆట బావ చెప్పాడు: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది. అది తేలిగ్గానే అర్థమైంది. అర్థం కానిది జనం. బేర్స్ చేతికి బంతి రాగానే నేను లేచి ఈల వేశాను. బావ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

“ఇప్పుడు కాదురా! మనవాడు చెప్పేది మనవాళ్లకి వినపడొద్దూ?”

అప్పుడు గమనించాను. అరవై వేలమంది గొంతు తగ్గించేశారు. మైదానంలో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపించేవాడు) కేకలు పైదాకా వినిపిస్తున్నాయి. బంతి ప్యాకర్స్‌కి వెళ్లిందో లేదో అందరూ లేచారు. మూడో ప్రయత్నం వచ్చేసరికి చెవులు చిల్లులు పడే గోల. వాళ్ల మాట వాళ్లకే వినపడకూడదు! క్రికెట్ గ్రౌండ్‌లో నేను సంతోషానికి అరిచాను, కోపానికి అరిచాను. జట్టు కోసం నోరు మూసుకోవడం కూడా ఆడటమేనని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. రెండో సగంలో నేనూ వాళ్లలో కలిసిపోయాను. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు అరవాలో బావ చెప్పక్కర్లేకపోయింది.

చివరికి బేర్స్ ఓడిపోయారు. నాకు నిజంగా బాధేసింది. పెద్దాయన ఏమీ అనలేదు. మా కాళ్ల కింది అట్టముక్కలు తీసి, మంచు దులిపి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు. వచ్చే మ్యాచ్‌కి కావాలట.