చాంబర్ పగిలాక చదివిన పాలసీ

విశాఖ ఏజెన్సీ కొండల్లోని ముంచంగిపుట్టు మండలంలో టీచరుగా పోస్టింగ్ వచ్చినప్పుడు కారు కొన్నాను. "ఫుల్ ఇన్సూరెన్స్ సార్, టెన్షన్ పడకండి" అని షోరూంలో కాగితం ముందు పెడితే సంతకం చేసేశాను. ప్రీమియం ఎంతో చూశాను గానీ, లోపల ఏం రాసుందో చూడలేదు.

ఆ ఆగస్టులో వాగు దాటి ఎత్తు ఎక్కుతుంటే కింద ఠంగుమని రాయి తగిలింది. వాన పడుతోంది, దిగి చూడలేదు. కాసేపటికి డాష్‌బోర్డు మీద నూనె డబ్బా గుర్తు ఎర్రగా వెలిగింది. ఊరు మూడు కిలోమీటర్లే కదా అని పోనిచ్చాను. రెండో మలుపు కూడా తిరగకుండానే ఇంజిన్ పట్టేసింది.

ట్రాక్టరుకు మోకు కట్టి మండల కేంద్రానికి, అక్కణ్ణుంచి లారీ మీద విశాఖకు. ఒక్క రవాణాకే తొమ్మిది వేలయింది. పాలసీలో దానికిచ్చేది 1,500 మాత్రమే.

నష్టం అంచనా వేయడానికి గ్యారేజీకొచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ కింద టార్చి వేసి చూసి, రెండు ముక్కల్లో తేల్చేశాడు. రాయి తగిలి ఆయిల్ చాంబర్, అంటే ఇంజిన్ అడుగున నూనె ఉండే తొట్టి, పగలడం ప్రమాదం, దానికి డబ్బులొస్తాయి. నూనె లేకుండా నడిపినందుకు ఇంజిన్ పోయింది, దానికి రావు. కోపమొచ్చింది. ఇంటికెళ్లి పాలసీ తీస్తే ఆ మాట నిజంగానే ఉంది: దెబ్బ తగిలాక బాగుచేయించకుండా నడిపితే పెరిగిన నష్టం యజమానిదే. ఇంజిన్ పనికి 82 వేలు నా జేబులోంచే పోయాయి.

రెన్యూవల్ టైముకి నాలుగు కంపెనీల పాలసీలు ప్రింట్ తీసుకుని, ప్రీమియం అంకె కనబడకుండా మడిచి, 'వర్తించనివి' అన్న పేజీ ముందు చదివాను. ఒకాయన ప్రీమియం బాగా తక్కువ చెప్పాడు. తీరా చూస్తే ఐడీవీ, అంటే బండి మొత్తం పోతే ఇచ్చే విలువ, తగ్గించి చూపించాడు. పక్కన పెట్టేశాను.

అదనంగా కట్టి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే కవర్ తీసుకున్నాను. నీళ్లు దూరినా, నూనె కారిపోయినా ఇంజిన్‌కు వర్తిస్తుంది. ఎర్రదీపం వెలిగాక కూడా నడిపితే మాత్రం అదీ గట్టెక్కించదు. పాతబడ్డాయని భాగాల ఖరీదులో కోత వేయని జీరో డిప్రిసియేషన్ కూడా వేయించాను. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద సగం కోసేస్తారు. బంపరు కింది భాగాలన్నీ అవే కదా! టైరు కవర్ వద్దనుకున్నాను. ఆ డబ్బుతో మంచి స్టెపినీ కొనుక్కోవడం మేలనిపించింది. కొండచరియలు పడితే అదనపు కవర్ కావాలని ఒక ఏజెంటు భయపెట్టాడు గానీ, అవి, వరద, తుపాను మామూలు కాంప్రహెన్సివ్‌లోనే ఉంటాయి.

క్లెయిమ్ వల్ల నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మాత్రం పోయింది. ఏడాది పాటు క్లెయిమ్ లేకపోతే మళ్లీ 20 శాతం నుంచి మొదలు. అందుకే ఈసారి సంత దగ్గర జీపు గీరిన గీతకు క్లెయిమ్ పెట్టలేదు. అది ఇప్పటికీ తలుపు మీద అలాగే ఉంది.

చివరగా రోడ్‌సైడ్ అసిస్టెన్స్, అంటే దారిలో బండి ఆగిపోతే కంపెనీ పంపే సాయం. నేను ఎక్కువసేపు గింజుకున్నది దీని దగ్గరే. బ్రోచర్లలో 'దేశమంతటా, 24 గంటలూ' అని ఉంటుంది. బండిని లాక్కెళ్లడం (టోయింగ్) ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితమో చిన్నక్షరాల్లో ఉంటుంది. మేముండేది విశాఖకు 150 కిలోమీటర్ల పైమాటే. టోయింగ్ పరిమితి పెంచమని అదనంగా కొంత కట్టి, పాలసీ కాగితం మీద రాయించుకున్నాను. కొనేముందు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, ముంచంగిపుట్టు దాకా బండి పంపుతారా అనడిగాను.

"స్పెల్లింగ్ చెప్పండి సార్" అంది అమ్మాయి.

చెప్పాను. కీబోర్డు చప్పుడు, కాసేపు నిశ్శబ్దం. "అరకు దాకా పంపగలం సార్. అక్కడికి మీరే తీసుకురావాలి."

ట్రాక్టరాయన నంబరు, ఆ మోకు ఇప్పుడు డిక్కీలోనే ఉంటాయి.